నాన్న కారు ఎక్కొచ్చా, ఆంటీ?

పడమటి సిడ్నీ వీధుల్లో చాలా ఏళ్ళు కారులో ఎడమ పక్క సీటులో కూర్చుని బతికాను. డ్రైవింగ్ నేర్పడం నా వృత్తి. పోయిన చలికాలంలో మోకాళ్ళు ఇక చాలన్నాయి, మానేశాను. ఇప్పుడు ఈ పనిలోకి రావాలనుకుంటున్న మన ఆడపిల్లలు కొందరు ఇంటికొచ్చి, "ఆంటీ, మాకేమైనా టిప్స్ చెప్పండి" అని అడుగుతున్నారు. టిప్స్ అంటే పార్కింగుకు ఏ గీత చూసుకోవాలి, టెస్టు పెట్టే అధికారి దేనికి మార్కులు తీసేస్తాడు, అలాంటివి. అవి కొద్ది రోజుల్లో మీకే వచ్చేస్తాయి. వాటంతట అవి రానివి ఇక్కడ రాస్తున్నాను.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. మా నాన్నగారు గోదావరి వైపు ఒక చిన్న రైల్వే స్టేషనులో పనిచేసేవారు. దగ్గరలో బడి లేదు. అమ్మే నన్ను వంటింట్లో పీట మీద కూర్చోబెట్టుకుని తెలుగు, లెక్కలు, తనకు వచ్చినంత ఇంగ్లీషు చెప్పింది. ప్రశ్న వేసి ఊరుకునేది. నేను జవాబు చెప్పేదాకా పప్పు రుబ్బుకుంటూ ఉండేది తప్ప అందించేది కాదు. ఈ వృత్తిలో నాకు పనికొచ్చిన చదువు చాలావరకు అదే. రోజూ పొద్దున దీపం పెట్టేటప్పుడు ఆ తల్లికి దణ్ణం పెట్టుకుంటాను.

టోనీ దగ్గర

నన్ను పనిలో పెట్టుకున్న డ్రైవింగ్ స్కూలు యజమాని టోనీ. ఇటలీ నుంచి చిన్నప్పుడే వచ్చేసిన పెద్దాయన. నేర్పేవాళ్ళ కారులో ఎడమ వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా. మొదటి రోజు నేను దాని మీద పాదం ఆనించి కూర్చుంటే చూసి, "భారతీ, కాలు దాని మీద పెట్టకు. దాని పక్కన పెట్టుకో" అన్నాడు. ఎందుకు అన్నాను. "నువ్వు ముందే తొక్కేస్తే, బ్రేకు వేయడం నీ పని అనుకుంటారు. ఇక ఎప్పటికీ వాళ్ళు వేయరు."

టోనీలో లోపాలు లేకపోలేదు. గట్టిగా అరిచేవాడు. మన ఆడవాళ్ళు ఏడ్చుకుంటూ దిగిపోతే, మర్నాడు చాక్లెట్ పెట్టె ఇచ్చి నా దగ్గరికి పంపేవాడు. అరవడం వల్ల ఎవరూ బాగా నడపరు, ఇంకా భయపడతారు అంతే. ఆ మాట ఆయనకే చెప్పాను. "నాకు తెలుసు, అందుకేగా నిన్ను పెట్టుకున్నాను" అన్నాడు. ఆయన ఎక్కడున్నా భగవంతుడు చల్లగా చూడాలి.

నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మన ఇళ్ళ గృహిణులు. అందరిదీ ఒకటే పాట. "మా ఆయన చాలా బాగా నడుపుతారండీ, నాకు ఇన్నాళ్ళూ అవసరం పడలేదు." నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బాగా నడిపే మొగుడున్న ఆడదానికే డ్రైవింగ్ ముందు రావాలి. ఎందుకంటే ఆయన నడపకూడని రోజున ఆ ఇంట్లో ఆ సంగతి చెప్పే మనిషి ఉండదు. ఇది నాకు ఒక కుటుంబం దగ్గర తెలిసింది. పేర్లు మార్చి రాస్తున్నాను. వాళ్ళే రాయమన్నారు.

మాధురి అడిగింది

మాధురి యూనివర్సిటీలో చదివేటప్పుడు నా దగ్గరే నేర్చుకుంది. గిరావీన్ అనే పేటలో ఉంటారు. నెమ్మదైన పిల్ల. టెస్టు పాసైన రోజు నాకు పూలగుత్తి తెచ్చింది. కొన్నేళ్ళ తర్వాత ఒక ఆదివారం చెప్పాపెట్టకుండా మా ఇంటికి వచ్చింది. కాఫీ ఇస్తే తాగకుండా కప్పు పట్టుకుని కూర్చుంది.

"ఆంటీ, నాన్నకి లైసెన్స్ తిరిగి ఇచ్చారు. కారులో ఆ బ్రెత్ మెషిన్ పెట్టారు, ఊదితేనే స్టార్ట్ అవుతుంది. తెలుసుగా మీకు."

తెలుసు. తాగి నడిపి రెండోసారి కోర్టుకెక్కినవాళ్ళకు, కొన్నాళ్ళు లైసెన్సు రద్దయ్యాక, ఇక్కడ అలా పెడతారు. నోట్లో మందు వాసన ఉంటే కారు కదలదు.

"ఒక్కసారి ఆయనతో డ్రైవ్‌కి వెళ్ళి చూస్తారా? సేఫ్ అని మీరు చెప్తే నేను ఎక్కుతా. ఆ రోజు తర్వాత నేను నాన్న కారు ఎక్కలేదు ఆంటీ. ఆయన ప్రతిసారీ అడుగుతాడు, 'స్టేషన్ దగ్గర దింపనా అమ్మా' అని. వాకింగ్ బాగుంటుంది నాన్నా అంటా. వాన పడుతున్నా అదే అంటా."

అప్పుడు ఏడ్చింది.

వాళ్ళ నాన్న నరసింహంగారిని ఎరగని తెలుగువాళ్ళు మా చుట్టుపక్కల లేరు. ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. కొత్తగా దిగిన పిల్లలెవరైనా సరే, తెలిసినవాళ్ళు కానక్కర్లేదు, ఎయిర్‌పోర్టుకు ఈయన వెళ్ళాల్సిందే. కారులో ఫ్లాస్కు నిండా వేడి వేడి చారు ఉండేది. పార్కింగులోనే ఒక గ్లాసు పోసి ఇచ్చి, "ముందు ఇది తాగు, తర్వాత ఆస్ట్రేలియా చూద్దువుగాని" అనేవారట. మాధురి చిన్నప్పుడు ఈతకి, డ్యాన్సుకి, ఆదివారం తెలుగు బడికి తిప్పిందంతా ఆయనే. దూరాలెక్కువ ఉన్న ఈ ఊళ్ళో తండ్రి ప్రేమ అంటే చాలావరకు దింపడం, ఎక్కించుకురావడం. ఆ పిల్లకి నాన్న అంటే ఆ కారే.

గ్యారేజీ వైపు

మన విందుల సంగతి మీకు తెలిసిందే. ఆడవాళ్ళు, పిల్లలు ఇంట్లో, మగవాళ్ళు గ్యారేజీలో. గ్యారేజీ తలుపు సగం దించి ఉంటుంది. లోపల ప్లాస్టిక్ కప్పులు, పల్లీలు, పాత పాటలు. ఎవరైనా పెద్దావిడ అటు వస్తే సీసా వాషింగ్ మెషిన్ వెనక్కి పోతుంది. ఇంట్లోవాళ్ళకు అన్నీ తెలుసు. తెలియనట్టు ఉండటం మర్యాద.

ద పాండ్స్ అనే పేటలో ఎవరిదో గృహప్రవేశం. నరసింహంగారు ఆ సాయంత్రం గ్యారేజీలో చాలాసేపు ఉన్నారు. బయల్దేరేసరికి ఆయన కారుకు అడ్డంగా మూడు నాలుగు కార్లు ఉన్నాయి. ఆయన చేతిలో పెరిగినంత చనువున్న కుర్రాళ్ళు, ఆయన చారు తాగి ఈ దేశంలో అడుగుపెట్టినవాళ్ళు, పరుగెత్తుకొచ్చి తమ కార్లు తీసి దారి ఇచ్చారు. ఒకడు వెనక నిలబడి చెయ్యి ఊపుతూ, "రానివ్వండి అంకుల్, రానివ్వండి, రైట్, రైట్, చాలు" అన్నాడు. ఇంటావిడ కిటికీలోంచి కూరల డబ్బాలు, తాంబూలం ఇచ్చింది. "జాగ్రత్తగా వెళ్ళిరండి అన్నయ్యగారూ" అంది. అంతమందీ కలిసి, అంత గౌరవంగా, తాగిన మనిషిని రోడ్డు మీదికి సాగనంపారు. "అంకుల్, తాళం ఇటివ్వండి" అని ఒక్కరి నోటా రాలేదు. పెద్దవారిని అలా ఎలా అడుగుతారు? రెండు వీధులు దాటేసరికి పోలీసులు ఆపారు. పక్క సీట్లో వసుంధరగారు, ఆయన భార్య, ఒళ్ళో కూరల డబ్బాలతో.

అది మొదటిసారి. రెండోసారి మాధురి ఉంది. పారమట్టాలో ఉద్యోగంలో చేరే రోజు. కొత్త బట్టలు, నుదుట కుంకుమ, "నా కూతుర్ని నేనే దింపుతా" అని నాన్న. ముందు రాత్రి ఆ సంతోషంలోనే వేసుకున్నాడు. తెల్లారితే మత్తు పోయినట్టేనని అనుకున్నాడు. దారిలో పోలీసులు అందరినీ ఊదించి చూస్తున్నారు. ఆయన దిగి పోలీసుల వ్యాను వైపు నడిచి వెళ్తుంటే, ఆ పిల్ల ఫుట్‌పాత్ మీద నిలబడి ఆఫీసుకి ఫోన్ చేసి, ట్రాఫిక్ ఉంది, లేటవుతుందని చెప్పిందట.

"నాన్న ఇటు తిరిగి నాకు చెయ్యి ఊపాడు ఆంటీ. స్కూల్ గేట్ దగ్గర ఊపినట్టు."

ఎడమ పక్కన, బ్రేకు లేకుండా

లైసెన్సు షరతు ప్రకారం ఆయన నా కారు నడపకూడదు, ఆ యంత్రం ఉన్న కారే నడపాలి. అందుకని వాళ్ళ కారులో నేనే ఎక్కాను. అన్నేళ్ళ వృత్తిలో కాలి పక్కన బ్రేకు లేకుండా పనికి కూర్చోవడం నాకు అదే మొదలు. ఎప్పటిలాగే మనసులో ఒక నమస్కారం చేసుకున్నాను. ఆయన చూసినట్టున్నారు. గొట్టం నోటి దగ్గర పెట్టుకుంటూ, "మీరు దణ్ణం పెట్టుకోండి చెల్లెమ్మా, నేను ఊదుతాను. ఎవరి దేవుడు వాళ్ళకి" అన్నారు.

ఆయన నడపడం గురించి ఏం చెప్పను! నేను పక్కన కూర్చున్నవాళ్ళందరిలో అంత చక్కగా నడిపినవాళ్ళు లేరు. ఒళ్ళో నిండు గ్లాసు పెట్టుకున్నా నీళ్ళు తొణకవు. బడి దగ్గర పిల్లలు కనబడకముందే వేగం తగ్గింది. లైట్ రైలు పట్టాల దగ్గర ఒక కుర్రాడు ఫోన్ చూసుకుంటూ అడ్డం వస్తాడని నాకంటే ముందు ఆయన కనిపెట్టారు. మధ్యలో యంత్రం మళ్ళీ ఊదమని కూత పెడితే, ఎడమకు తీసి ఆపి, ఊది, చేతిరుమాలుతో గొట్టం తుడిచి బయల్దేరారు.

ఇంటి ముందు ఆపాక దిగలేదు. "పాసా, ఫెయిలా?" అన్నారు.

"అన్నయ్యగారూ, మీకు నేను నేర్పేది ఏమీ లేదు."

"అదే కదమ్మా వచ్చిన చిక్కు. బాగా నడుపుతానన్న ధైర్యంతోనే ఇదంతా చేసింది. తాగినా నా చెయ్యి తిన్నగానే ఉంటుందనుకున్నాను. ఉండేది కూడా. నేను ఎవరినీ గుద్దలేదు. అది నా గొప్ప కాదు, ఆ పైవాడి దయ." యంత్రం వైపు చూపించారు. "ఇది ఉన్నన్నాళ్ళు బానే ఉంటాను. తీసేసే రోజు కోసం మావాళ్ళు ఎదురుచూస్తున్నారు. మీ వదినగారు కారుకి పూజ చేయిస్తానంటోంది. నాకేమో ఆ రోజంటేనే భయం."

"ఈ మాట మాధురికి చెప్పారా?"

"అది అడగలేదు."

"అది ఎలా అడుగుతుంది?"

ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకున్నారు. "నిజమే," అన్నారు. "మా ఇంట్లో నన్నెవరూ ఏమీ అడగరు. నేనే అలా అలవాటు చేశాను."

నేను ఇవ్వలేని సర్టిఫికెట్

మాధురికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "డ్రైవింగుకు నూటికి నూరు. మిగతాది నేను చెప్పలేనమ్మా. ఆయన్నే అడుగు."

కోపం వచ్చింది ఆ పిల్లకి. "ఏమని అడగాలి ఆంటీ? మా ఇంట్లో ఆ వర్డే అనరు. 'కాస్త అలసిపోయారు' అంటారు. 'పోలీసుల గొడవ' అంటారు. అమ్మ అయితే 'ఆ కాలం' అంటుంది, ఏదో కరువు వచ్చి పోయినట్టు. నేను రీసైక్లింగ్ బిన్‌లో సీసాలు చూస్తా. షెడ్‌లో వెతుకుతా. దొరికితే సింకులో పోసేస్తా. మళ్ళీ వస్తాయి. ఆఫీసులో కూర్చున్నా అదే ఆలోచన, ఇప్పుడు ఏం చేస్తున్నాడో అని."

టోనీ నాకు చెప్పిందే చెప్పాను. "నీ కాలు ఆయన బ్రేకు మీద పెట్టుకుని కూర్చున్నావు తల్లీ. కాలు నొప్పి పుడుతుంది, కారు మాత్రం ఆగదు. పక్కకి తీసుకో."

"తీసేస్తే నాన్న పోతే?"

అది నాకు తెలియదనే చెప్పాను. వాళ్ళ డాక్టరు దగ్గరికి ఆయన్ని తీసుకెళ్ళమన్నాను. తాగేవాళ్ళ ఇంటివాళ్ళు కలిసి మాట్లాడుకునే బృందాలు ఉంటాయి, నువ్వు కూడా వెళ్ళు అన్నాను. ఈ పనిలోకి వచ్చే మీకు కూడా ఇదే చెబుతున్నాను. మనకు వైద్యం రాదు. పక్క సీట్లో కూర్చున్నామని మనుషులు మనతో చాలా చెప్పుకుంటారు. వినండి, తెలిసినవాళ్ళ దగ్గరికి పంపండి, తెలియనిది తెలియదని చెప్పండి. "సేఫే, ఎక్కు" అని నేను అనేసి ఉంటే ఆ పిల్ల ఎక్కేది. నా మాట మీద ఎక్కేది, వాళ్ళ నాన్న మాట మీద కాదు.

వసుంధరగారి పాఠాలు

కొద్దిరోజులకు నరసింహంగారే ఫోన్ చేశారు. "చెల్లెమ్మా, మీ వదినగారికి నేర్పండి. నేను లేకపోయినా కదిలేట్టు ఉండాలి." వెనకాల నుంచి ఆవిడ గొంతు, "ఈ వయసులో నాకెందుకండీ, నవ్వుతారు" అని. "నవ్వనీ, హారన్ కొట్టు" అన్నారు ఈయన.

వసుంధరగారిలాంటి శిష్యురాలు నాకు మళ్ళీ దొరకలేదు. వెనక ఎవరైనా హారన్ కొడితే అద్దంలో చూసి, "సారీ బాబూ, వెళ్తున్నా" అని బదులు చెప్పేది. రౌండబౌటు దగ్గర అందరికీ దారి ఇచ్చేది. "అలా మర్యాదలు చేస్తూ కూర్చుంటే చీకటి పడుతుంది వదినా" అంటే, "పాపం వాళ్ళకేం పనుందో" అనేది. రెండుసార్లు ఫెయిలైంది. మూడోసారి అప్లై చేసింది.

ఈలోగా యంత్రం తీసేశారు. ఆవిడ అనుకున్నట్టే టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించింది. పక్కింటి తెల్లాయన కంచె మీంచి చూసి, "సర్వీసింగా?" అన్నాడట. "అలాంటిదే" అన్నారు నరసింహంగారు.

కథ అక్కడితో సుఖాంతమని చెబితే అబద్ధం అవుతుంది. ఆయన డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు. గురువారం సాయంత్రాలు ఒక చర్చి హాల్లో కలుసుకునే, తాగుడు మానాలనుకునేవాళ్ళ బృందానికి వెళ్తున్నారు. మొదట్లో ఆవిడ, "చర్చికా?" అని సందేహపడితే, దేవుడు ఎక్కడైనా ఒకటే కదా వదినా అన్నాను. నెలల తరబడి బాగుంటారు. ఒక్కోసారి జారతారు. ఎప్పుడు జారారో ఇంట్లో ఎవరికీ చెప్పరు. మాధురి మాత్రం స్టేషనుకు నడుస్తూనే ఉంది.

ఒక శనివారం పొద్దున

వసుంధరగారి పాఠానికని వాళ్ళింటి ముందు కారు ఆపాను. ఆ రోజు రైళ్ళు లేవు. పట్టాల మరమ్మతు, బదులు బస్సులు. మాధురికి పారమట్టాలో ఏదో ఆఫీసు పని. బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చింది. నరసింహంగారు అప్పటికే కారు గ్యారేజీలోంచి బయటికి తీసి, అద్దం దించుకుని కూర్చున్నారు.

"రా అమ్మా, దింపుతాను. ఆ బస్సులు ఊరంతా తిప్పుతాయి."

వాకింగ్ అంటుందేమో అనుకున్నాను. ఆ పిల్ల కారు దాకా వచ్చింది. తలుపు మీద చెయ్యి వేసింది. తియ్యలేదు.

"నాన్నా, రాత్రి తాగావా?"

మామూలు గొంతుతోనే అడిగింది. వసుంధరగారు నా కారు దగ్గర నిలబడి ఉలిక్కిపడింది. "ఏంటే ఆ మాటలు, బయటివాళ్ళు ఉండగా..."

"అమ్మా, ప్లీజ్. నాన్నని అడుగుతున్నా."

ఆయన ముందు అద్దంలోంచి ఎదురుగా చూస్తూ ఉండిపోయారు. ఇంజను ఆడుతూనే ఉంది. ఎదురింటి స్ప్రింక్లరు చప్పుడు కూడా వినబడింది. మాధురి అలాగే నిలబడింది. మళ్ళీ అడగలేదు, పోనీలే అనలేదు.

"తాగాను" అన్నారు ఆయన.

ఇంజను ఆపి, దిగారు. తాళం కూతురి చేతికిచ్చారు. "ఇవాళ నేను నడపకూడదు. నువ్వు తీసుకెళ్ళు." వెనక్కి తిరిగి లోపలికి నడవబోయారు.

"ఎక్కడికి వెళ్తున్నావ్?" అంది మాధురి.

"ఇంట్లోకి."

"పక్కన కూర్చో నాన్నా. నా పని అరగంటే. తర్వాత కాఫీకి వెళ్దాం."

"లుంగీ మీదా?"

"మార్చుకునిరా. వెయిట్ చేస్తా."

ఆయన ఎంత తొందరగా లోపలికి వెళ్ళారో! ప్యాంటు వేసుకుని, చొక్కా గుండీలు పెట్టుకుంటూనే వచ్చి ఎడమ పక్క సీట్లో కూర్చున్నారు. బెల్టు పెట్టుకున్నారు. మాధురి సీటు ముందుకు జరుపుకుంది, అద్దాలు సరిచేసుకుంది. వెళ్తూ వెళ్తూ వాళ్ళేదో మాట్లాడుకుంటున్నట్టు కనిపించింది గానీ వినబడలేదు. వీధి చివర మలుపు తిరిగి వెళ్ళిపోయారు. ఉద్యోగంలో చేరిన ఆ రోజు తర్వాత ఆ పిల్ల నాన్నతో కలిసి కారెక్కడం అదే మొదటిసారి. ఎవరు నడిపారన్నది నాకు చిన్న విషయం.

వసుంధరగారు నా కారులో డ్రైవర్ సీట్లో కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత తాళం పెట్టి, తిప్పకుండా నా వైపు చూసింది.

"ఏంటి వదినా, ఆగారు?" అన్నాను.

"నన్ను అడగరా మరి?"

"అడుగుతాను. రాత్రి ఏమైనా తాగారా?"

"మజ్జిగ" అంది. ఇద్దరం నవ్వాం. ఆవిడ నవ్వు ఆపుకుని, అద్దం చూసి, సిగ్నల్ వేసి, భుజం మీదుగా తల తిప్పి ఎవరూ రావట్లేదని చూసుకుని, కారు రోడ్డు మీదికి తీసింది.